ప్రజల రేడియో - బహిరంగ ప్రమాణములు

రేడియో పెట్టెను ఏ కంపెనీవారు తయారుచేసినను అది అన్ని కేంద్రముల ప్రసారములను వినిపించును. విజయవాడ కేంద్రమును వినుటకు ఒక పెట్టెను, హైదరాబాదు కేంద్రమును వినుటకు మరియొక పెట్టెను ఎవరును కొనరు. ఉన్నత పాఠశాల విద్యార్థి సైతము ఒక తీగచుట్ట, ఒక డయోడు, ఒక కెపాసిటరు, ఒక ఇయర్‌ఫోను సమకూర్చుకొని, బ్యాటరీ లేకయే దగ్గరనున్న మీడియం వేవ్ కేంద్రమును వినగలడు. ఇది సాధ్యమగుటకు కారణ మొక్కటే. వాహక తరంగముపై శబ్దమును ఎక్కించు పద్ధతి ఎవరికిని రహస్యము కాదు; అది పాఠ్యపుస్తకములలో నున్నది. ప్రసారము చేయువారు, పెట్టెను తయారుచేయువారు, వినువారు ఒకరినొకరు ఎరుగకున్నను మాట చేరుచున్నది.

గత కొన్ని దశాబ్దములలో రేడియో కేంద్రములోని పరికరములు ఒకటొకటిగా కంప్యూటరులోనికి ప్రవేశించినవి. టేపు స్థానమున ఫైలు వచ్చెను. టెలిఫోను తీగ స్థానమున ఇంటర్నెట్టు వచ్చెను. తుదకు ట్రాన్స్‌మిటరులోని సంకేత నిర్మాణము కూడ లెక్కల పనియై కంప్యూటరులో జరుగుచున్నది. లెక్క ఎట్లు చేయబడుచున్నదో దానిని తయారుచేసిన కంపెనీకి మాత్రమే తెలిసియున్నచో, ప్రజల ధనముతో నడచు రేడియో గొంతునకు తాళము పడును. తాళపుచెవి ఇతరుల చేతిలో నుండును. ఈ చిక్కు కలుగకుండ అనేక దేశముల ప్రసార సంస్థలు అవలంబించిన మార్గములే బహిరంగ ప్రమాణములు, స్వేచ్ఛా సాఫ్టువేరు.

రెండు మాటలు - రెండు అర్థములు

ఒక పనిని ఏ విధముగా చేయవలెనో వివరించు నియమముల పట్టికకు ప్రమాణమని పేరు. ఆ పట్టిక అచ్చయి, దానిని చదివి తదనుగుణముగ పరికరమును తయారుచేయుటకు అందరికిని అవకాశమున్నప్పుడు అది బహిరంగ ప్రమాణమగును. విద్యుద్దీపము బల్బునకును దాని హోల్డరునకును గల కొలతలు ఇందుకు మంచి ఉదాహరణము. బల్బు ఒక ఊర, హోల్డరు మరియొక ఊర తయారైనను రెండును అమరును.

స్వేచ్ఛా సాఫ్టువేరు వేరు విషయము. కంప్యూటరు ప్రోగ్రామును మనుష్యులు చదువదగిన భాషలో వ్రాసిన ప్రతికి మూలరచన అని పేరు. ఆ మూలరచనను బయటపెట్టి, దానిని చదువుటకును, మార్చుటకును, ఇతరులకు పంచుటకును లైసెన్సు ద్వారా అనుమతి ఇచ్చినచో దానిని స్వేచ్ఛా సాఫ్టువేరు లేక ఓపెన్ సోర్స్ అందురు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్ను ప్రణాళికయు, 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సును ఈ మార్గమున పేరు పొందినవి.

ప్రమాణము బహిరంగమైనంత మాత్రమున అది ఉచితమని అనుకొనరాదు. ఎంపీ3 పద్ధతి అచ్చయిన ప్రమాణమే. అయినను దానిపై పేటెంటు హక్కులుండుటచే 2017 వరకు లైసెన్సు రుసుము వసూలగుచుండెను. అచ్చయియుండుట, రుసుము లేకుండుట, మూలరచన లభించుట - ఈ మూడును వేర్వేరు గుణములని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

శబ్దమును భద్రపరచుట

మైక్రోఫోను నుండి వచ్చు విద్యుత్ ప్రవాహమును కంప్యూటరు సెకనునకు 48,000 మారులు కొలుచునని అనుకొందము. ప్రతి కొలతను 24 బిట్ల సంఖ్యగా వ్రాసినచో 1,67,77,216 అంతస్తులను గుర్తింపవచ్చును. కుడి యెడమలకు రెండు వరుసలు కావలెను గనుక సెకనునకు 48,000 × 24 × 2 = 23,04,000 బిట్లు, అనగా 2,88,000 బైట్లు అగును. ఒక గంట కార్యక్రమమునకు సుమారు 104 కోట్ల బైట్లు పట్టును.

అంకెలు మాత్రమే దాచిన చాలదు. అవి ఏ కార్యక్రమమునకు చెందినవో, ఎవరు ఏ దినమున రికార్డు చేసిరో కూడ తెలియవలెను. టేపు దినములలో ఈ వివరములను డబ్బాపై అంటించిన చీటీమీద వ్రాసెడివారు. చీటీ ఊడిపోయినచో టేపు అనాథయగును. 1997లో యూరపు దేశముల ప్రసార సంస్థల సమాఖ్యయైన యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ఇందుకు ఒక ప్రమాణమును ప్రకటించెను. దాని పేరు బ్రాడ్‌కాస్ట్ వేవ్. అప్పటికే వాడుకలోనున్న వేవ్ ఫైలుకు ఈ ప్రమాణము ఒక చిన్న అరను చేర్చినది. అందు వివరణమునకు 256 బైట్లు, రికార్డు చేసినవారి పేరునకు 32, తేదీకి 10, వేళకు 8 కేటాయింపబడినవి. అర్ధరాత్రి మొదలు ఎన్నవ కొలతతో రికార్డు ఆరంభమైనదో తెలుపు సంఖ్య కూడ అందే యుండును. ఈ విధముగా చీటీ డబ్బాను వదలి టేపులోనికే ప్రవేశించెను.

దీని నిర్మాణమును తరగతిలోనే చూడవచ్చును. ఏదేని వేవ్ ఫైలును బైట్లను చూపు ప్రోగ్రాముతో తెరచినచో మొదటి నాలుగు బైట్లు 82, 73, 70, 70 అని కనిపించును. ఇవి ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అను ఇంగ్లీషు అక్షరముల సంకేతములు. తరువాతి నాలుగు బైట్లు ఫైలు పరిమాణమును తెలుపును. ప్రమాణపు పుస్తకము చేతనున్నచో, నూరేండ్ల తరువాత నైనను ఒక విద్యార్థి ఈ బైట్లను చదివి శబ్దమును తిరిగి సృష్టింపగలడు.

ఇట్టి జాగ్రత్త లేకున్న ఏమగునో బ్రిటిషు ప్రసార సంస్థ బి.బి.సి. అనుభవమే తెలుపును. ఇంగ్లండులో 1086లో జరిగిన భూమి లెక్కల గ్రంథమునకు డోమ్స్‌డే పుస్తకమని పేరు. దానికి 900 ఏండ్లు నిండిన సందర్భమున, 1986లో బి.బి.సి. ఒక నూతన డోమ్స్‌డేను వెలువరించెను. పది లక్షలకు పైగా జనులు, వారిలో అనేకులు పాఠశాల బాలబాలికలు, తమ తమ ఊళ్ల విశేషములను వ్రాసి పంపిరి. ఆ సమాచారము లేజరు డిస్కులపై ఎక్కింపబడెను. ఆ డిస్కులను చదువుటకు ఒక ప్రత్యేకమైన ప్లేయరు, ఒక ప్రత్యేకమైన కంప్యూటరు కావలసియుండెను. పదునైదు సంవత్సరములలో ఆ యంత్రములు అరుదైపోయెను. 1086 నాటి పుస్తకమును అప్పటికిని చదువగలుగుచుండిరి. 1986 నాటి డిస్కులు మాత్రము మూగవోవు స్థితికి వచ్చెను. 2002లో లీడ్స్, మిచిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు ఆ పాత యంత్రమువలె ప్రవర్తించు ప్రోగ్రామును వ్రాసి చూపిన పిమ్మట సమాచారము తిరిగి వెలుగు చూచినది. డిస్కు పాడగుట ఇక్కడ ముఖ్యకారణము కాదు; దానిని చదువు మార్గము ఒకే యంత్రముతో ముడివడియుండుటయే కారణము.

శబ్దమును మోసికొనివచ్చుట, కొలుచుట

విలేఖరి దూరమునుండి మాటలాడినప్పుడు ఆ మాటను స్టూడియోకు చేర్చు పరికరమునకు కోడెక్ అని పేరు. ఇంటర్నెట్టుపై పనిచేయు కోడెక్కులు మొదట వచ్చినప్పుడు ఒక కంపెనీ కోడెక్కు మరియొక కంపెనీ కోడెక్కుతో మాటలాడజాలకుండెను. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ఆధ్వర్యమున తయారీదారులును ప్రసార సంస్థలును కలిసి, ప్రతి కోడెక్కునకును తప్పక ఉండవలసిన ఉమ్మడి పద్ధతులను నిర్ణయించిరి. 2008 ఫిబ్రవరిలో తొమ్మిది కంపెనీల పరికరములను కలిపి పరీక్షింపగా, అంతకుముందు పొసగని యంత్రములు ఒకదానితో నొకటి మాటలాడెను. స్వీడను దేశపు ప్రజా ప్రసార సంస్థ స్వేరిగెస్ రేడియో ఈ ప్రమాణముల ఆధారముగా, ఏ కోడెక్కు ఏ కోడెక్కుతో కలిసియున్నదో చూపు ప్రోగ్రామును తయారుచేసికొని, దాని మూలరచనను ఇతర సంస్థల ఉపయోగార్థము బయటపెట్టెను.

2012 సెప్టెంబరులో ఇంటర్నెట్టు ప్రమాణముల సంఘము ప్రకటించిన ఓపస్ అను కోడెక్కు పద్ధతిలో ఒక విశేష మున్నది. సెకనునకు 6 వేల బిట్లు మొదలు 510 వేల బిట్ల వరకు అది పనిచేయును. ఉపయోగించుటకు రుసుము లేదు. శబ్దమును తిరిగి సృష్టించు ప్రోగ్రాము మూలరచనయే ఆ ప్రమాణములో భాగముగా అచ్చయినది. వివరణమునకును ఆచరణమునకును భేదము తోచినప్పుడు మూలరచనయే తీర్పు చెప్పును.

కార్యక్రమముల బిగ్గరతనము విషయమునను ఇట్టి ఏర్పాటే జరిగినది. ఒక ప్రసంగము మెల్లగాను, వెంటనే వచ్చు ప్రకటన పెద్దగాను వినబడుట శ్రోతలకు చిరాకు కలిగించును. చెవికి తోచు బిగ్గరతనమును లెక్కగట్టు సూత్రమును అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో ప్రకటించెను. దాని ఆధారముగా 2010లో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ప్రతి కార్యక్రమపు సగటు మట్టమును ఒకే అంకెకు, అనగా మైనస్ 23కు, సరిచేయవలెనని నిర్ణయించెను. సూత్రము బహిరంగమగుటచే దానిని లెక్కించు స్వేచ్ఛా ప్రోగ్రాములు వెంటనే వెలువడెను. కార్యక్రమములను వేళ ప్రకారము వినిపించు పనికి కూడ, అమెరికాలో 2002లో ఆరంభమైన రివెండెల్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరులు లినక్సుపై పనిచేయుచున్నవి.

కంప్యూటరులో ట్రాన్స్‌మిటరు

వీటన్నిటికంటె ఆశ్చర్యకరమైనది డిజిటల్ రేడియో ప్రసారము. డాబ్ అని పిలువబడు పద్ధతిని యూరపులో 1987లో ఆరంభమైన యురేకా 147 పరిశోధన ప్రణాళిక రూపొందించెను. 1995లో నార్వే, బ్రిటను దేశముల ప్రజా ప్రసార సంస్థలు దీనితో ప్రసారములు ప్రారంభించినవి.

పెద్ద హాలులో త్వరత్వరగా మాటలాడినచో ముందు మాట ప్రతిధ్వని తరువాతి మాటతో కలిసి గందరగోళమగును. మెల్లగా, మాటకు మాటకు ఎడమిచ్చి పలికినచో స్పష్టముగా వినబడును. రేడియో తరంగములు కూడ మేడలను, కొండలను తాకి ప్రతిధ్వనించును. అయితే మెల్లగా పలికినచో ఎక్కువ సమాచారము పంపుటెట్లు? డాబ్ పద్ధతిలో 1,536 గొంతులు ఒకేమారు మెల్లగా పలుకును. ఈ వాహక తరంగములు ఒకదానికొకటి 1 కిలోహెర్ట్జు ఎడముతో నుండును. ప్రతి పలుకు 1 మిల్లీసెకను నిలుచును. తరువాత 246 మైక్రోసెకనుల ఎడము. ఆ ఎడములో రేడియో తరంగము సుమారు 74 కిలోమీటర్లు ప్రయాణము చేయును. కావున అంతకంటె తక్కువ దూరము చుట్టివచ్చిన ప్రతిధ్వని తరువాతి పలుకును చెడగొట్టదు.

ప్రతి పలుకులో ఒక్కొక్క గొంతు 2 బిట్లు మోయును. అనగా పలుకునకు 3,072 బిట్లు. 96 మిల్లీసెకనుల కాలములో కార్యక్రమములకు 72 పలుకులు లభించును గనుక సెకనునకు 23,04,000 బిట్లు అగును. అందు సగము తప్పులను సరిదిద్దుటకు కేటాయించినచో 11,52,000 బిట్లు మిగులును. సెకనునకు 64,000 బిట్ల చొప్పున ఒకే ట్రాన్స్‌మిటరుపై 18 కార్యక్రమములు పంపవచ్చును.

1,536 గొంతులకు అన్ని ఆసిలేటర్లు అమర్చుట అసాధ్యము. ఇక్కడ గణితము తోడ్పడినది. ఫూరియే పరివర్తనము అను లెక్క అన్ని తరంగములను ఒకేమారు కలిపి ఇచ్చును. 2,048 బిందువులతో ఆ లెక్కను సూటిగా చేసినచో 41,94,304 గుణకారములు కావలెను. 1965లో కూలీ, ట్యూకీ అను గణితవేత్తలు ప్రకటించిన త్వరిత పద్ధతిలో ఆ పని 2,048 × 11, అనగా సుమారు 22,528 మెట్లలో ముగియును. కావుననే నేటి సామాన్యమైన కంప్యూటరు ఈ సంకేతమును ఆగకుండ నిర్మింపగలదు.

అయినను ఈ పనికి వాడు పరికరములు చిరకాలము పెద్ద సంస్థలకే అందుబాటులో నుండెను. కెనడా ప్రభుత్వ పరిశోధనశాలయైన కమ్యూనికేషన్స్ రీసెర్చి సెంటరువారు డాబ్ సంకేతమును నిర్మించు ప్రోగ్రాములను వ్రాసి వాటి మూలరచనను బయటపెట్టిరి. తరువాత ఆ పరిశోధనశాల వాటిని సంరక్షించుట మానెను. రహస్య ప్రోగ్రామైనచో కథ అక్కడితో ముగిసియుండెడిది. కాని లైసెన్సు అనుమతించుటచే, స్విట్జర్లాండులోని ఓపెన్‌డిజిటల్‌రేడియో అను సంఘమువారు ఆ మూలరచననే తీసికొని పెంపొందించిరి. ఒక ప్రోగ్రాము శబ్దమును కుదించును. రెండవది కార్యక్రమములను ఒక కట్టగా కట్టును. మూడవది పైన చెప్పిన 1,536 తరంగముల లెక్క చేయును. కంప్యూటరు వెలుపల సంఖ్యలను రేడియో తరంగముగ మార్చు ఒక చిన్న పరికరము, ఒక యాంప్లిఫయరు, ఒక ఫిల్టరు, ఒక ఏరియల్ ఉన్న చాలును.

బ్రిటనులో ప్రసారములను నియంత్రించు ఆఫ్‌కామ్ సంస్థ ఈ పద్ధతిని మొదట బ్రైటన్ పట్టణమున ప్రయోగించి చూచెను. 2015లో బ్రిస్టల్, కేంబ్రిడ్జి, గ్లాస్గో, మాంచెస్టరు మొదలగు పది చోట్ల పరీక్షా ప్రసారములు ఆరంభమయ్యెను. పద్ధతి సాంకేతికముగా నిలుచునని 2016 నివేదిక తెలిపెను. 2017లో పార్లమెంటు ఇందుకు చట్టము చేసెను. 2020లో చిన్న ప్రాంతముల డిజిటల్ ప్రసారములకు దరఖాస్తులు పిలువబడెను. పెద్ద ట్రాన్స్‌మిటరు అద్దె భరింపజాలని చిన్న రేడియో కేంద్రములకు డిజిటల్ ప్రపంచపు ద్వారము ఈ విధముగ తెరువబడినది.

పరిమితులు

మూలరచన లభించినను యాంప్లిఫయరు, ఏరియల్, విద్యుత్తు ఉచితముగా రావు. కంపెనీకి చెల్లింపవలసిన సొమ్ములో కొంత భాగమును తెలిసిన ఇంజనీర్లకు జీతముగ వెచ్చింపవలెను. మధ్యరాత్రి ప్రసారము ఆగినచో సరిదిద్దువారు కేంద్రములోనే ఉండవలెను, లేక ఒప్పందముపై రావలెను. మూలరచన దానంతట అది బ్రదుకదు. దానిని శ్రద్ధతో చదివి బాగుచేయువారు కావలెను. డాబ్ ప్రసారములలో నేడు వాడు శబ్ద సంకోచ పద్ధతిపై పేటెంటుల ప్రసక్తి కూడ కలదు. అయినను ఒక భేదము ముఖ్యము. రహస్య ప్రోగ్రాము చెడినప్పుడు బాగుచేయు అధికారము ఒక్కరిది. బహిరంగమైన దానిని బాగుచేయుటకు చదువు, శ్రమ ఉన్నవారందరును అర్హులు.

మన దేశమున

ఆకాశవాణి 2010 తరువాతి దశాబ్దములో మీడియం వేవ్, షార్ట్ వేవ్ ప్రసారములకై ముప్పదికి పైగా కేంద్రములలో డి.ఆర్.ఎం. అను డిజిటల్ పద్ధతి ట్రాన్స్‌మిటర్లను నెలకొల్పెను. ఇదియు అచ్చయిన అంతర్జాతీయ ప్రమాణమే. దానిని వినుటకు వలయు డ్రీమ్ అను ప్రోగ్రామును జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు వ్రాసి మూలరచనతో సహా అందరికిని ఇచ్చిరి. తగిన రిసీవరును కంప్యూటరుకు కలిపిన విద్యార్థి, డిజిటల్ పెట్టె కొనకయే ఆ సంకేతమును పరిశీలింపవచ్చును. పూర్వము తీగచుట్టతోను డయోడుతోను నేర్చుకొన్న విద్యకు ఇది కొనసాగింపు.

జహీరాబాదు సమీపమున మాచ్‌నూరు గ్రామములో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైనది. గ్రామీణ దళిత స్త్రీలే దానిని నడపుచు వచ్చిరి. ఇట్టి చిన్న కేంద్రములలో రికార్డగు పాటకును, విత్తనములను గూర్చిన ముచ్చటకును, ప్రాంతీయ పలుకుబడికిని వేరొక చోట ప్రతి దొరకుట అరుదు. పెద్ద సంస్థ యంత్రము పాతబడిన మరియొకటి కొనగలదు. చిన్న కేంద్రమునకు ఆ శక్తి లేదు. కావున తమ రికార్డులను బహిరంగ ప్రమాణములలో దాచుట, రెండు మూడు ప్రతులు వేర్వేరు చోట్ల నుంచుట పెద్ద సంస్థలకంటె ఇట్టివారికి ఎక్కువ అవసరము.

పాఠశాలలలో కూడ వార్షికోత్సవపు పాటలు, పెద్దల జ్ఞాపకములు, గ్రామ చరిత్రలు నేడు రికార్డగుచున్నవి. వాటిని ఏ ఫైలుగా దాచుచున్నామో, ఎవరు ఎప్పుడు పలికిరో ఫైలులోనే వ్రాసితిమో లేదో ఉపాధ్యాయులు ఒకమారు చూడవలెను. పలికినవారి గొంతు మరల రాదు. దానిని వినుటకు మార్గము మాత్రము ముందుతరముల చేతిలో నుండునట్లు చేయుట నేటివారి చేతిలో నున్నది.